కుక్కకు ఆపరేషను ఏ వయస్సులో?

చర్ల నుంచి ఒక శ్రోత మా కేంద్రానికి ఒక ఉత్తరం వ్రాశారు. వారి ఇంట ధనుర్మాసంలో పుట్టిన ఆడకుక్కపిల్ల ఒకటి పెరుగుతున్నదట. దానికి పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించదలచి ముగ్గురిని అడిగితే మూడు విధాల సమాధానాలు వచ్చినవట. పశువుల డాక్టరు గారు, "ఆరు నెలలు నిండగానే తీసికొని రండి" అన్నారు. హైదరాబాదులో చదువుకొంటున్న కుమారుడు, "ఏడాదిన్నర దాకా ముట్టుకోవద్దు నాన్నా, కీళ్ళు పాడవుతవి" అని ఫోనులో హెచ్చరించాడు. పొరుగింటి పెద్దావిడ, "ఒక్క ఈతైనా ఈననీయండి బాబూ, లేకపోతే దాని ఉసురు తగులుతుంది" అన్నది. ఈ ముగ్గురిలో ఎవరి మాట పట్టుకోవలెనో చెప్పవలసినదని ఆ శ్రోత కోరారు.

పెద్దావిడ మాటలో జాలి ఉన్నది గాని ఆధారం లేదు. ఒక ఈత ఈనినంత మాత్రాన కుక్క ఆరోగ్యం బాగుపడదు. దాని స్వభావం మెరుగుపడదు. ఇక డాక్టరు గారి మాట, కుమారుని మాట రెండూ నిజమే. అయితే వారిద్దరూ మాట్లాడుతున్నది ఒకే కుక్కను గురించి కాదు. చిక్కంతా అక్కడ ఉన్నది.

చర్ల పరిసరాలను ఎరుగని శ్రోతల నిమిత్తం ఒకటి రెండు మాటలు చెప్పాలి. గోదావరికి ఎడమ ఒడ్డున, భద్రాచలానికి ఎగువన ఉన్న ప్రాంతమది. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, ఆ తరువాత ఖమ్మం జిల్లాలోను ఉండి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. తాలిపేరు ప్రాజెక్టు నీటితో వరి పండే పొలాలు ఒక వైపు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా సాగిపోయే అడవి మరొక వైపు. అటువంటి చోట కుక్క అలంకారం కాదు. రాత్రివేళ మిరపకళ్ళం దగ్గర పడుకొంటుంది. కోళ్ళ గూటి వైపు వచ్చే పిల్లులను తరుముతుంది. అడవిపందులు చేలో దిగితే ముందు అదే మొరుగుతుంది. మెడకు పట్టీ ఉండదు, గొలుసు ఉండదు. తిండి ఒక ఇంట, తిరుగుడు ఊరంతా. ఇంటి కుక్క అనాలో ఊరకుక్క అనాలో చెప్పడం కష్టం. ఆపరేషను వయస్సును నిర్ణయించడంలో ఈ తిరుగుడే ప్రధానమైన విషయమని నా అభిప్రాయం.

నిరుడు ఆ ప్రాంతానికి రికార్డింగు నిమిత్తం వెళ్ళినప్పుడు ఒక కోయ రైతు నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నది. "కోడెకైతే మూపు చూసి విత్తులు కొట్టిస్తామయ్యా. కుక్కకి ఏం చూసి కోయించాలి?" అన్నాడు. ఇంతకంటె సూటిగా ఈ విషయాన్ని అడిగిన వారిని నేను చూడలేదు. అరక దున్నవలసిన కోడెకు చిన్నతనంలోనే విత్తులు కొట్టిస్తే మెడ బలవదు, మూపు ఎదగదు. అందుచేత మన రైతులు రెండు మూడేండ్ల దాకా ఆగుతారు. దేహం తన పని పూర్తి చేసికొన్న తరువాతనే బీజాన్ని తొలగించాలన్న సంగతి పుస్తకాలతో నిమిత్తం లేకుండ మనవారు ఎరిగినదే. కుక్క విషయంలో చూడవలసిన గుర్తులు మూడు: ఒడ్డు, ఎద, కార్తె.

మొదట ఒడ్డు సంగతి. ఆపరేషనంటే ఆడకుక్కకు అండాశయాలను, సాధారణంగా వాటితోపాటు గర్భసంచిని, తీసివేయడం. మగకుక్కకు వృషణాలను తీసివేయడం. ఇవి సంతానానికి మాత్రమే పనికివచ్చే అవయవాలు కావు. వీటి నుంచి వచ్చే స్రావాలు ఎముకల చివరలకు, "ఇక పెరుగుదల చాలు" అని ఆజ్ఞ ఇస్తవి. ఆ ఆజ్ఞ రాకముందే అవయవాలను తీసివేస్తే కాళ్ళ ఎముకలు ఉండవలసిన దానికంటె కొంచెం ఎక్కువ కాలం పెరుగుతవి. చిన్న కుక్కకు దీనివల్ల చెప్పుకోదగిన నష్టం కనిపించలేదు. బరువైన కుక్కకు మాత్రం మోకాలి బంధనాలు, తుంటి కీళ్ళు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది.

ఇది అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్య పరిశోధకులు విస్తారంగా పరిశీలించిన విషయం. 2013లో గోల్డెన్ రిట్రీవరు జాతితో ఆరంభించి, 2020 నాటికి ముప్ఫై అయిదు జాతుల లెక్కలు ప్రకటించారు. జర్మన్ షెపర్డు మగకుక్కలను తీసికొంటే, ఆపరేషను చేయని వాటిలో నూటికి ఏడింటికి కీళ్ళ జబ్బులు వచ్చినవి; ఏడాది లోపల ఆపరేషను అయిన వాటిలో నూటికి ఇరవై ఒకటింటికి వచ్చినవి. చిన్న జాతులలో ఈ భేదం లేదు. కలగలుపు జాతులను కూడ వారు పరిశీలించారు. పెరిగిన తరువాత ఇరవై కిలోలకు మించే వాటిలో తొందరపడితే నష్టం కనిపించింది. ఇరవై కిలోల లోపు వాటిలో కనిపించలేదు. అమెరికా పశువైద్యశాలల సంఘం 2019లో ఇచ్చిన సలహా కూడ ఈ ఇరవై కిలోలనే గీటురాయిగా పెట్టుకొన్నది. దాని ప్రకారం చిన్న కుక్కలకు ఆరవ నెల ప్రాంతంలో, ఆడవాటికైతే తొలి ఎదకు ముందు, ఆపరేషను చేయవచ్చు. పెద్ద మగకుక్కలకు పెరుగుదల ఆగిన తరువాత, అనగా తొమ్మిది నుంచి పదిహేను నెలల మధ్య చేయాలి. పెద్ద ఆడకుక్కల విషయంలో మాత్రం అయిదు నుంచి పదిహేను నెలల మధ్య డాక్టరు విచక్షణకు విడిచిపెట్టింది.

ఆ ముప్ఫై అయిదు జాతులలో మన ఊరకుక్క లేదు. అయినా దాని ఒడ్డు మనకు తెలిసినదే. సన్నని నడుము, నిలువు చెవులు, వంపు తిరిగిన తోక. ఆడకుక్క పదిహేను కిలోల ప్రాంతంలో ఆగిపోతుంది. బాగా తిని పెరిగిన మగకుక్క ఇరవై దగ్గరకు రావచ్చు. కాబట్టి హైదరాబాదులోని కుమారుడు చదివిన హెచ్చరిక లాబ్రడారుకు, జర్మన్ షెపర్డుకు వర్తిస్తుంది గాని, చర్లలో తన తల్లి అన్నం పెడుతున్న కుక్కపిల్లకు వర్తించదు. పట్నంలో నేర్చిన విద్య ఊరికి చేరేటప్పుడు ఇటువంటి చిన్న సవరణలు కావలసి వస్తుంటవి.

ఇక ఎద. ఆడకుక్క ఆరవ నెలకు, ఏడాదికి మధ్య ఎప్పుడైనా మొదటిసారి ఎదకు రావచ్చు. ఎదకు ముందే ఆపరేషను చేయిస్తే కలిగే లాభాలలో డాక్టర్లు మొదట చెప్పేది చన్నులలో లేచే గడ్డలను గురించి. 1969లో కాలిఫోర్నియాలో ప్రకటించిన ఒక పరిశీలన ప్రకారం, ఆపరేషను చేయని కుక్కలకు ఆ గడ్డల ప్రమాదం నూరు పాళ్ళనుకొంటే, తొలి ఎదకు ముందు చేసినవాటికి అర పాలు, ఒక ఎద తరువాత చేసినవాటికి ఎనిమిది పాళ్ళు, రెండవ ఎద తరువాత చేసినవాటికి ఇరవై ఆరు పాళ్ళు మాత్రమే. ఈ అంకెలు పశువైద్య గ్రంథాలన్నిటిలోను స్థిరపడిపోయినవి. 2012లో బ్రిటనులోని పరిశోధకులు పాత పరిశీలనలన్నిటిని తిరిగి తూచి చూచి, ఈ అంకెలకు ఉన్న ఆధారం బలహీనమని తేల్చారు. అంతమాత్రాన లాభమే లేదని కాదు. అర పాలు, ఎనిమిది పాళ్ళు అని అంత నిక్కచ్చిగా చెప్పరాదని మాత్రమే.

దానికంటె సందేహం లేనిది గర్భసంచిలో చీము పట్టే జబ్బు. ఎద ముగిసిన ఒకటి రెండు నెలలకు, విశేషించి నడివయస్సు దాటిన కుక్కలకు, ఇది వస్తుంది. స్వీడనులో భీమా చేసిన కుక్కల లెక్కలలో, పదేండ్లు వచ్చేలోగా సుమారు నాలుగింట ఒక ఆడకుక్కకు ఈ జబ్బు సోకినట్లు తేలింది. కుక్క నీళ్ళు అతిగా త్రాగుతుంది, తిండి మానుతుంది, నీరసించి పడుకొంటుంది. సమయానికి ఆపరేషను జరుగకపోతే చాలా భాగం చనిపోతవి. పెద్ద ఆస్పత్రి దగ్గర ఉన్న పట్నంలోనే ఇది కష్టం. వాగు పొంగితే బస్సు రాని ఊరిలో ఇంక చెప్పనక్కరలేదు. గర్భసంచి లేని కుక్కకు ఈ బాధ దాదాపు లేనట్లే.

మన తిరుగుడు కుక్కలలో మరొక జబ్బు ఉన్నది. సంగమ సమయంలో ఒక కుక్క నుంచి మరొక కుక్కకు అంటుకొనే కాన్సరు అది. కాన్సరు కణాలే ఒక దేహం నుంచి ఇంకొక దేహానికి దిగి పెరుగుతవి. వేల ఏండ్ల క్రిందట ఏదో ఒక కుక్క దేహంలో పుట్టిన కణాలు, ఆ కుక్క పోయినా, ప్రపంచమంతట కుక్కల మీద బ్రతుకుతూనే ఉన్నవి. జననాంగాల దగ్గర గోబీ పువ్వు వలె గడ్డ లేచి రక్తం కారుతుంది. వారానికొకటి చొప్పున కొన్ని ఇంజక్షన్లతో చాలా వరకు నయమవుతుంది. ఆ మందు, విన్‌క్రిస్టీను, మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుంచి తీసినదే. (అందుకని ఆకు నూరి పోయవద్దని మనవి, అది విషం.) ఎదకు రాని కుక్క వెంట మగకుక్కలు పడవు, ఈ జబ్బు అంటుకొనే అవకాశమూ బాగా తగ్గుతుంది.

నష్టాలు లేవా? ఉన్నవి. ఆపరేషను అయిన ఆడకుక్కలలో కొన్నింటికి కొంత కాలానికి నిద్రలో మూత్రం కారవచ్చు. పెద్ద జాతులలోను, మూడు నెలల లోపే ఆపరేషను చేసినవాటిలోను ఇది ఎక్కువ. ఒళ్ళు వచ్చే గుణం కూడ ఉన్నది. రోజంతా చేల వెంట తిరిగే కుక్కకు ఆ భయం అంతగా లేదు. అరుగు మీద పడుకొనే దానికి మాత్రం తిండి కొంచెం తగ్గించాలి.

ఇప్పుడు కార్తె సంగతికి వద్దాము. మర్యాదస్థులు పది మందిలో పలుకరు గాని, చిత్తకార్తెకు, కుక్కలకు గల సంబంధం తెలుగుదేశంలో ఎరుగని వారు లేరు. తిట్టుగా వాడిపారేసిన ఆ మాటలో మంచి పరిశీలన ఉన్నది. జైపూరులో వీధికుక్కలకు ఏండ్ల తరబడి ఆపరేషన్లు చేసిన డాక్టర్లు కూడ, వానలు వెనుకబట్టిన తరువాతనే ఎక్కువ కుక్కలు చూలు కడుతున్నవని లెక్కలతో ప్రకటించారు. చిత్తకార్తె అక్టోబరు 10 ప్రాంతంలో ప్రవేశిస్తుంది. కుక్క చూలు కాలం సుమారు 63 రోజులు. కూడి చూడండి: డిసెంబరు నడిమికి, ధనుర్మాసంలో, ఈత. మన శ్రోత ఇంటి కుక్కపిల్ల సరిగ్గా అప్పుడే పుట్టింది. దానికి ఆరు నెలలు నిండేది జూన్ నడుమ, మృగశిర కార్తెలో. పది నెలలు నిండేనాటికి మళ్ళీ చిత్తకార్తె.

ఈ నాలుగు నెలలే మనకున్న వ్యవధి. ఆరు నెలలు నిండనిదే అవసరం లేదు. చిత్త ప్రవేశించిన తరువాత ఆలస్యమైపోతుంది. గాయం మానడానికి రెండు వారాలు విడిచిపెట్టి, మృగశిర నుంచి పుబ్బ వెళ్ళేలోగా, అనగా జూన్ నడుమ నుంచి సెప్టెంబరు నడుమ లోపల, ఆపరేషను చేయించడం ఉత్తమం. అందులోను ముందు వైపే మేలు. ఎందుచేతనంటే కుక్కలన్నీ పంచాంగం చూచి నడవవు. ఇంటి పట్టున బాగా తినేవి ఏడవ నెలకే ఎదకు రావచ్చు. వానకాలం గదా, బురదలో గాయం చెడదా అని సందేహం రావచ్చు. న్యాయమైన సందేహమే. పది రోజులు పొడి గోనెపట్టా వేసి పంచలో కట్టి ఉంచగలిగితే వాన అడ్డు కాదు. అది చేయలేమనుకొన్నవారు వాన తెరిపి ఇచ్చిన వారం చూచుకొనవచ్చు గాని, వానలు పూర్తిగా పోయే దాకా ఆగితే చిత్తకార్తె వచ్చి కూర్చుంటుంది.

డాక్టరు, మత్తుమందు, శుభ్రమైన గది మూడూ దొరికే రోజు పల్లెలలో ఎప్పుడూ రాదు. ఎక్కడైనా శిబిరం పెట్టి, మన కుక్కకు అప్పటికి అయిదు నెలలే ఉంటే? డాక్టరు పరీక్షించి సరేనంటే వదలుకోవద్దనే నేను చెబుతాను. అమెరికాలో దిక్కులేని కుక్కల శాలలలో అంతకంటె చిన్న పిల్లలకు కూడ చాలా కాలంగా చేస్తున్నారు. ఒక నెల ముందు చేయించినందువల్ల కలిగే కొద్దిపాటి నష్టానికి, ఒక ఈతకు పోలిక లేదు.

ఆ ఈత ఏమవుతుందో చూడండి. ఒక్కొక్క ఈతకు అయిదారు పిల్లలు. పశ్చిమ బెంగాలులో వీధికుక్కల పిల్లలను అయిదేండ్లపాటు వెంటాడి లెక్కించిన పరిశోధకులు, అయిదింట ఒకటి కూడ పిల్లలు పెట్టే వయస్సు దాకా బ్రతకడం లేదని, చనిపోయేవాటిలో సగానికి మించి మనుష్యుల మూలంగానే పోతున్నవని వ్రాశారు. బండ్ల క్రింద పడేవి, కొట్టగా చచ్చేవి, తల్లి నుంచి విడదీసి పారవేయబడేవి. పెద్దావిడ చెప్పిన ఉసురు ఎక్కడ తగులుతుందో ఇక్కడ ఆలోచించుకోవలసి ఉన్నది. బ్రతికి బయటపడినవి టీకా లేకుండ ఊరి మీద తిరుగుతవి. కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్ మన దేశంలో ఇప్పటికీ ఏటా వేల మందిని తీసికొనిపోతున్నది. ఆ వ్యాధి లక్షణాలు కనిపించిన తరువాత దాదాపుగా మందు లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివాణ్ణి కుక్కలు చంపిన సంగతి శ్రోతలు మరచి ఉండరు.

కుక్కలను చంపి తగ్గించే ప్రయత్నం మద్రాసు కార్పొరేషను చిరకాలం చేసి, ఫలితం లేక 1996లో ఆపరేషన్ల పద్ధతికి మారింది. 2001లో కేంద్ర ప్రభుత్వం దీనికి నియమావళి ఏర్పరచి, 2023 మార్చిలో కొత్తది తెచ్చింది. దాని ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్క విషయంలో ఆ బాధ్యత యజమానిది. తిండి మాది, తిరుగుడు ఊరిది అన్న వాదం అక్కడ చెల్లదు. పొరుగున భూటాను దేశం 2023లో తన వీధికుక్కలన్నిటికీ ఆపరేషన్లు పూర్తి చేసినట్లు ప్రకటించింది.

దీనికి భిన్నంగా నార్వేలో, వైద్యకారణం లేనిదే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఆపరేషను చేయడానికి చట్టం ఒప్పదు. అది చదివి మన విద్యావంతులు కొందరు తబ్బిబ్బు పడతారు. అక్కడ ఒంటరిగా వీధిలో తిరిగే కుక్క కనిపించదు; ఎద వచ్చిన మూడు వారాలు యజమాని గొలుసు వదలడు. మన వారెవరైనా ఖమ్మం నుంచో హైదరాబాదు నుంచో పెద్ద జాతి కుక్కను తెచ్చి ప్రహరీ లోపల పెంచుకొంటూ, అంత కాపలా కాయగలిగితే, వారు నిశ్చింతగా ఎముకలు ముదిరే దాకా ఆగవచ్చు. అయితే కాపలా అంటే ఏమిటో ముందుగా తెలిసికొని ఉండాలి. మూడు వారాలపాటు రాత్రింబగళ్ళు తలుపు గొళ్ళెం మరువకుండ ఉండే ఇల్లు ఎంత అరుదో, ఇంట్లో పిల్లలున్నవారికి చెప్పనక్కరలేదు.

అడవి అంచు ఊళ్ళవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. మన కుక్కల చెవులలో, వ్రేళ్ళ సందులలో గోమార్లు నిండి ఉంటవి. కొన్ని చోట్ల వీటినే పిడుదులంటారు. ఇవి రక్తంలోకి ఎక్కించే సూక్ష్మజీవుల వల్ల, రక్తం గడ్డకట్టడానికి కావలసిన కణాలు తగ్గిపోతవి. పైకి కుక్క తిరుగుతూనే ఉంటుంది గాని, బల్ల మీద కోత పెట్టగానే నెత్తురు ఆగదు. కాబట్టి చిగుళ్ళు పాలిపోయినా, ముక్కు నుంచి నెత్తురు పడినా, తిండి తగ్గినా ఆ మాట దాచకుండ డాక్టరుతో చెప్పాలి. వీలైతే రక్తపరీక్ష చేయించాలి. జబ్బు తేలితే ముందు దానికి మందు, ఆపరేషను తరువాత. నెల రోజుల ముందు నుంచే గోమార్లు పోయే మందు, నులిపురుగుల మందు వాడడం మంచిది. రేబిస్ టీకాను మాత్రం ఆపరేషనుకై వాయిదా వేయరాదు. మూడవ నెలలో మొదటిది, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా.

మగకుక్కను గురించి క్లుప్తంగా చెబుతాను. దానికి చిన్న ఆపరేషను, ఖర్చూ తక్కువ. అందుచేత చాలామంది మగదానికి చేయించి తృప్తి పడతారు. కాని ఊరిలో పది మగకుక్కలలో తొమ్మిదింటికి చేయించినా మిగిలిన ఒక్కటి చాలు. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ఆడదానికే వెచ్చించాలి. ఆపరేషను చేయిస్తే మగకుక్క కాపలాకు పనికిరాదన్న మాట చర్ల వైపు నేను పలుమార్లు విన్నాను. మొరగడం, ఇల్లు కాయడం వృషణాలలో ఉండే గుణాలు కావు. తగ్గేది ఆడకుక్కల కోసం ఊళ్ళు పట్టి పోవడం, అక్కడ కరపించుకొని రావడం. ఊరకుక్క మగదానికి ఎనిమిది, పది నెలల మధ్య చేయిస్తే సరిపోతుంది. ఆపరేషను అయిన తరువాత కూడ కొన్ని వారాలపాటు చూలు కట్టించే శక్తి మిగిలి ఉండవచ్చు గనుక ఆ కొద్ది కాలం కట్టి ఉంచాలి.

ఈ ఏడు వ్యవధి తప్పిపోయి, కుక్క ఎదకు వచ్చేసిందనుకొందాము. అప్పుడు పరుగెత్తి ఆస్పత్రికి తీసికొనిపోవద్దు. ఆ సమయంలో గర్భసంచి చుట్టూ రక్తనాళాలు ఉబ్బి ఉంటవి. నెత్తురు పోయే ప్రమాదం ఎక్కువ. దాటకుండ కట్టి ఉంచగలిగితే, ఎద పోయిన తరువాత మూడు నెలలాగి చేయించవచ్చు. అప్పటికే చూలు కట్టి ఉంటే సంగతి డాక్టరుతో చెప్పి ఆయన సలహా ప్రకారం నడుచుకోవాలి. ఈననే ఈనితే, పిల్లలకు రెండు నెలలు నిండి పాలు మరచిన తరువాత, తల్లి పొదుగు ఆరేందుకు మరొక రెండు వారాలు విడిచి తీసికొని వెళ్ళాలి. డిసెంబరు ఈత అయితే ఇంచుమించు శివరాత్రి నాటికి ఆ సమయం వస్తుంది. తల్లిని తీసికొనిపోయే రోజునే పిల్లలకు నులిపురుగుల మందు పట్టించుకొని, మూడవ నెలలో వేయవలసిన రేబిస్ టీకాకు తారీఖు అడిగి వ్రాసికొని రావచ్చు.